‘కావలెను’ ప్రకటన వాళ్ళది, ఖర్చు వీళ్ళది

విజయవాడ బెంజి సర్కిల్ నుంచి ఆటోనగర్ గేటు వైపు నడుస్తుంటే కరెంటు స్తంభాల మీద ఒకే తరహా కాగితాలు కనిపిస్తాయి. ‘అర్జెంటుగా కావలెను. టెన్త్ పాస్ లేదా ఫెయిల్, ఇంటర్, డిగ్రీ, ఎవరైనా పర్వాలేదు. జీతం 15,000 నుంచి 28,000. భోజనం, వసతి ఫ్రీ.’ కింద ఒక సెల్ నంబరు. కంపెనీ పేరుండదు, పనేమిటో ఉండదు, ఎక్కడ చేయాలో ఉండదు. గుంటూరు బ్రాడీపేట సందుల్లో కోచింగ్ సెంటర్ల గోడలకు, హాస్టళ్ళ గేట్లకు అంటించినవీ ఇలాంటివే. వీటిని చూసి నవ్వుకునే డిగ్రీ కుర్రాడే సాయంత్రం ఫోన్లో జాబ్ యాప్ తెరిచి ‘ప్రముఖ సంస్థకు ఎగ్జిక్యూటివ్ కావలెను, ఆకర్షణీయమైన జీతం’ అన్న ప్రకటనకు నిమిషంలో అప్లై చేస్తాడు. దానిలోనూ కంపెనీ పేరు లేదు, పనేమిటో లేదు. అక్షరాలు మాత్రం అందంగా ఉన్నాయి.

ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ళ చిరాకు గురించి మాటొస్తే ‘ఉద్యోగాలు తక్కువ, జనం ఎక్కువ’ అని తేల్చేస్తారు. అబద్ధమేమీ కాదు. కానీ పోస్టులు తక్కువైనంత మాత్రాన జీతం ఎందుకు దాస్తారు, ఇంటర్వ్యూ చేసి పంపాక ఎందుకు పలకరు, నిండిపోయిన ఖాళీకి ప్రకటన మూడు నెలలైనా ఎందుకు తీయరు అన్న ప్రశ్నలకు అందులో జవాబు దొరకదు. ప్రకటనకు, పిలుపుకు, ఆలస్యానికి అయ్యే ఖర్చు ఎవరి జేబులోంచి పోతోందో చూస్తే ఈ తంతు చాలావరకు అర్థమవుతుంది.

పేపర్లో క్లాసిఫైడ్ ప్రకటనకు లైనుకింత అని లెక్కకట్టి తీసుకుంటారు. అందుకే ఆ భాష పొదుపుగా ఉండేది: ‘ట్యాలీ వచ్చిన అకౌంటెంట్ కావలెను. రెండేళ్ళ అనుభవం. సూర్యారావుపేట. ఉదయం 10–1 మధ్య స్వయంగా కలవండి.’ డబ్బు కట్టి వేయించినవాడికి మనిషి అవసరం ఉండేది. అవసరం తీరాక మరుసటి ఆదివారం మళ్ళీ డబ్బు కట్టేవాడు కాదు. ఆ రోజుల్లో మోసాలు లేవని ఎవరూ అనరు గానీ, ఊరికే వేసిన ప్రకటన అనేది అరుదు. ఇప్పుడు చాలా యాప్‌లలో మొదటి ఒకటి రెండు ప్రకటనలు ఉచితం, ఆ తర్వాత నెలకింత అని ప్యాకేజీ. పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. తీసేయాలంటే మాత్రం ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని లాగిన్ అవ్వాలి, అది ఎవరి డ్యూటీలోనూ ఉండదు. (మరి స్తంభం మీది కాగితానికి ప్రింటింగు, మైదా జిగురు, అంటించే కుర్రాడి కూలీ ఖర్చవుతాయి కదా, అక్కడి అవసరం నిజమేనా అంటే, నిజమే. కాకపోతే చాలాసార్లు అక్కడ వెతికేది ఉద్యోగి కోసం కాదు. సరుకు కొని ఇంటింటికీ తిరిగి అమ్మేవాడో, తన కింద మరో ఇద్దరిని చేర్చేవాడో కావాలి.)

ఖర్చు లేకపోయేసరికి ప్రకటన రకరకాల పనులకు వాడకంలోకి వచ్చింది. వాటిలో ముందు చెప్పుకోవలసింది కన్సల్టెన్సీల సంగతి. కంపెనీకి మనిషిని కుదిర్చినందుకు కన్సల్టెన్సీ తీసుకునే ఫీజు సాధారణంగా ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. అదీ మనిషి చేరితేనే. కంపెనీ పేరు రాస్తే అభ్యర్థి నేరుగా వెళ్ళిపోతాడు, ఫీజు పోతుంది. అందుకని ‘క్లయింటు పేరు గోప్యం’. ఒకే ఖాళీని నలుగురు కన్సల్టెంట్లు నాలుగు ప్రకటనలుగా పెడతారు. చూసేవాడికి నాలుగు ఉద్యోగాలున్నట్టు కనిపిస్తుంది. వాడు నాలుగింటికీ అప్లై చేస్తాడు, ఇద్దరు అతని రెజ్యూమెను అదే కంపెనీకి పంపుతారు. ఫీజు ఎవరికివ్వాలన్న తగాదా ఎందుకని కంపెనీ ఆ పేరునే పక్కన పెట్టేయడం ఈ రంగంలో కొత్త కాదు. తనను ఎందుకు తీసేశారో ఆ అభ్యర్థికి ఎప్పటికీ తెలియదు. ఇక ఖాళీయే లేకుండా, రేపెప్పుడైనా పనికొస్తాయని రెజ్యూమెలు పోగుచేసుకోవడానికి పెట్టే ప్రకటనలు వేరు. లోపలివాడికి ప్రమోషన్ ఖాయమైపోయాక పద్ధతి ప్రకారం బయట కూడా ప్రకటించామని చూపించుకోవడానికి పెట్టేవి వేరు.

బట్టల షోరూముల్లో సేల్స్, టెలికాలర్, ఇన్సూరెన్స్, డెలివరీ పనుల ప్రకటనలు ఏడాది పొడవునా ఉంటాయి. ఇవి దొంగ ప్రకటనలు కావు. ఈ నెల చేరినవాళ్ళు రెండు మూడు నెలల్లో మానేస్తుంటారు కాబట్టి ఖాళీ నిజంగానే ఎప్పుడూ ఉంటుంది. పన్నెండు గంటలు నిలబడే పనికి ఎవరూ ఎందుకు నిలవడం లేదన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు వెతికితే ఖర్చు. ప్రకటన అలా వదిలేస్తే ఖర్చు లేదు.

జీతం దగ్గర కాస్త ఆగాలి. మన దేశంలో ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలో జీతం రాసి తీరాలన్న చట్టం లేదు. రాయకపోవడానికి యజమానులు చెప్పే కారణం ‘అభ్యర్థిని బట్టి ఇస్తాం’ అని. చెప్పని కారణం లోపలి స్టాఫ్. పదేళ్ళుగా పనిచేస్తున్న సేల్స్‌మన్‌కు 14,000 ఇస్తూ, కొత్తవాడికి 16,000 అని యాప్‌లో పెడితే పాతవాడు మర్నాడే ఓనర్ గారి క్యాబిన్ ముందు నిలబడతాడు. అందుకే ‘జీతం ఇంటర్వ్యూలో మాట్లాడుకుందాం’. ఆ మాట్లాడుకోవడం కూడా ‘ఇప్పుడెంత వస్తోంది?’ అన్న ప్రశ్నతో మొదలవుతుంది. పని విలువెంత అన్నది పక్కకుపోయి, వచ్చినవాడు ఎంత తక్కువకు ఒప్పుకుంటాడన్న బేరం మిగులుతుంది.

రాసిన చోట రాసేది సీటీసీ, అంటే ఆ ఉద్యోగి మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. ‘ఏడాదికి 2.4 లక్షలు’ అంటే నెలకు 20,000 వస్తుందనుకుని గుంటూరులో రూము ఖాళీ చేసి విజయవాడలో హాస్టలు చూసుకున్నవాళ్ళున్నారు. లెక్క వేసి చూద్దాం. బేసిక్ 10,000 అనుకుంటే యజమాని వాటా పీఎఫ్ 12 శాతం చొప్పున 1,200, గ్రాట్యుటీ పేరుతో 4.81 శాతం అంటే 481 ఆ 20,000లోంచే ముందుగా తీసేస్తారు. ఈఎస్ఐకి యజమాని కట్టే 3.25 శాతం కూడా అందులోదే. ఇవి పోగా జీతం స్లిప్పులో గ్రాస్ 17,742 దగ్గర ఉంటుంది. దానిలోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ మళ్ళీ 1,200, ఈఎస్ఐ 0.75 శాతం కింద ఓ 134, ఆంధ్రప్రదేశ్ వృత్తి పన్ను 150. చేతికొచ్చేది సుమారు 16,250. ఇదంతా చట్టప్రకారం నడిచే కంపెనీ లెక్క, పీఎఫ్ డబ్బు ఉద్యోగిదే, దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ అదే 20,000లో నెలకు 2,000 ‘టార్గెట్ ఇన్సెంటివ్’ కూడా కలిపి రాస్తే, టార్గెట్ అందని నెలలో పద్నాలుగు వేల చిల్లరే. 28,000 అన్న అంకె కాగితాల మీద ఎలా పుడుతుందో ఇక్కడ తెలుస్తుంది. అది ఎవరికీ రాని జీతం కాకపోవచ్చు, ఏ నెలో ఎవరికో వచ్చి ఉంటుంది.

వాక్-ఇన్ రోజు ఖర్చు సంగతి ఇంకోటి. గన్నవరం దగ్గర కేసరపల్లిలో ఐటీ టవర్లున్నాయి. గుంటూరు నుంచి వెళ్ళాలంటే విజయవాడ బస్టాండుకి ముప్పై ఐదు కిలోమీటర్లు, అక్కడి నుంచి ఇంకో బస్సులో ఇరవై. తొమ్మిదింటికి రిపోర్టు చేయమంటే ఆరింటికల్లా బస్సెక్కాలి. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ తప్పింది. జిరాక్సులు, ఫొటోలు, మధ్యాహ్నం భోజనం ఎవరికీ తప్పలేదు. ఇప్పటికే ఎక్కడో పనిచేస్తున్నవాళ్ళకైతే ఒక రోజు సెలవు, దానికి చెప్పే ఓ అబద్ధం అదనం. సాయంత్రం నాలుగింటికి ‘మెయిల్ చేస్తాం’ అంటారు. రెండు వందల మందిని పిలిచి పదిమందిని తీసుకున్నా కంపెనీకి అయ్యే ఖర్చు పెద్దగా మారదు. మిగతా నూట తొంభై మంది దారి ఖర్చు ఏ బ్యాలెన్స్ షీటులోనూ కనిపించదు. ‘సెలెక్ట్ కాలేదు’ అన్న ఒక్క ముక్క పంపడం కంప్యూటరు చేసే పనే. పంపితే ‘ఎందుకు కాలేదు’ అని ఫోన్లు వస్తాయన్నది భయం. పైగా సెలెక్టయినవాళ్ళు చేరకపోతే మళ్ళీ వీళ్ళనే పిలవాలి, అందుకని ఎవరికీ కాదని చెప్పకుండా అందర్నీ గాల్లో ఉంచడం వాళ్ళకు లాభం.

ఈ ధోరణి బాగా ముదిరింది లెక్చరర్ల ఉద్యోగాల్లో. ఇంటర్ పరీక్షలయ్యాక, మార్చి నుంచి మే దాకా, ప్రైవేటు కాలేజీల రిక్రూట్‌మెంటు సీజను. ఫిజిక్స్ చెప్పేవాడు వస్తే ముందు ఓ డెమో క్లాసు, అది ప్రిన్సిపాల్ చూస్తారు. వారం తర్వాత ఇంకోటి, డీన్ గారు చూడాలి. మూడోది నేరుగా పిల్లల ముందు. చేరాక ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టమంటారు, విద్యా సంవత్సరం మధ్యలో మానేస్తే సిలబస్ ఆగిపోతుందని. ఆ ఇబ్బంది నిజమే. కానీ ఒకరి డిగ్రీ కాగితాల్ని తాకట్టు పెట్టుకునే హక్కు ఏ చట్టమూ యజమానికి ఇవ్వలేదు. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఆసుపత్రుల్లో చేరే నర్సులకు ఎదురయ్యేదీ ఇదే, పైన ‘ఇన్నేళ్ళలోపు మానేస్తే ఇంత కడతాను’ అన్న బాండు. బాండ్ల విషయంలో మాత్రం ‘అవి కోర్టులో చెల్లవులే’ అన్న ధీమా మంచిది కాదు. మూడేళ్ళు పనిచేయకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ప్రభుత్వ రంగ బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం చూసేది, అడిగిన మొత్తం నష్టానికి తగ్గట్టుందా అని. పన్నెండు వేల జీతానికి లక్ష రూపాయల బాండు ఆ తూకానికి నిలవడం కష్టం. అయితే పన్నెండు వేల జీతగాడు కోర్టుకెక్కడన్న నమ్మకంతోనే అది రాయిస్తారు.

అటువైపు బాధ లేదని కాదు. 1966లో మొదలైన విజయవాడ ఆటోనగర్‌లో ఇవాళ ఏ లేతు షెడ్డులో, ఏ బాడీ బిల్డింగ్ యార్డులో అడిగినా ఒకటే మాట: పనివాడు దొరకడం లేదు. యాప్‌లో పెడితే అప్లికేషన్లు వరదలా వస్తాయి. ఫోన్ చేస్తే సగం మంది ఎత్తరు, ఎత్తినవాళ్ళు ‘ఏ పోస్టు సార్?’ అంటారు, రేపొస్తామన్నవాళ్ళు రారు. అప్లై చేసినవాడికి గుర్తుండదు, ఎందుకంటే వాడు ఆ రోజు నలభై చోట్ల నొక్కాడు. నలభై చోట్ల ఎందుకు నొక్కాడంటే ముప్పై తొమ్మిది చోట్ల నుంచి జవాబు రాదని తెలుసు. యజమాని జవాబివ్వకపోవడానికి కారణం ఆ వరదే. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టు తయారైంది.

వరద వచ్చినప్పుడు జల్లెడ కావాలి. చవకగా దొరికే జల్లెడ డిగ్రీ. చదువు నేర్పే నైపుణ్యం కన్నా, ‘ఇది పూర్తిచేయగల మనిషి’ అన్న సూచనగా యజమానులు దాన్ని వాడతారని ఆర్థికవేత్త మైకేల్ స్పెన్స్ 1973లో వివరించారు. 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది కూడా. చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు ఇన్ని ఉన్న ఈ రెండు ఊళ్ళలో ఆ సూచన విలువ కరిగిపోయింది. బిల్లింగ్ కౌంటరుకు బీటెక్ అడుగుతారు, టెన్త్ నుంచి అన్నిట్లో 60 శాతం ఉండాలంటారు, మధ్యలో ఏడాది గ్యాప్ ఉంటే పక్కకు. ఆ పైన సాఫ్ట్‌వేరు జల్లెడ. బ్రాడీపేట డీటీపీ సెంటర్లో రంగుల గళ్ళు, రెండు కాలమ్‌లు, మూలన ఫొటో పెట్టి చేయించుకున్న రెజ్యూమె మనిషి కంటికి బావుంటుంది. దాన్ని చదివే ప్రోగ్రాములు కొన్ని ఆ గళ్ళ మధ్య రాసిన అనుభవాన్ని తప్పుగా చదువుతాయి, కొన్నిసార్లు అసలు చదవవు. సాదా కాగితం లాంటి ఫైలే నయం. పెద్ద పోర్టళ్ళలో ఈమధ్య యాక్టివ్‌గా ఉన్న ప్రొఫైళ్ళను రిక్రూటర్లు ముందు చూస్తారు కాబట్టి, రోజూ పొద్దున్నే ప్రొఫైల్లో ఒక ఫుల్‌స్టాప్ తీసి మళ్ళీ పెట్టి అప్‌డేట్ నొక్కే అలవాటు నిరుద్యోగుల్లో పుట్టింది. పూజ చేసినంత నియమంగా చేసేవాళ్ళున్నారు.

ఈ గొడవేదీ లేకుండా మనుషుల్ని పెట్టుకునే చోటు గుంటూరు మిర్చి యార్డు. జనవరి నుంచి మే దాకా సీజనులో కమీషన్ కొట్లకు గుమాస్తాలు, కాటా దగ్గర మనుషులు, కోల్డ్ స్టోరేజీల్లో లెక్కలు రాసేవాళ్ళు కావాలి. ప్రకటన ఉండదు. ఇప్పటికే ఉన్న గుమాస్తా తన ఊరి కుర్రాణ్ణి తీసుకొస్తాడు. ‘ఎవరబ్బాయి?’ అన్నదే ఇంటర్వ్యూ. ఈ పద్ధతి పనిచేయడానికి కారణం, చెప్పినవాడికీ ఖర్చుంది. తెచ్చిన కుర్రాడు డబ్బులో తేడా చేస్తే చెప్పినవాడి మాట పోతుంది. అందుకే ఆచితూచి చెబుతాడు. కానీ ‘ఎవరబ్బాయి?’ అన్న ప్రశ్నలో ఊరుంది, బంధుత్వం ఉంది, కులం ఉంది. చెప్పేవాడు లేనివాడికి ఆ కొట్టు మెట్టు ఎక్కే దారి లేదు.

ఆ దారి వేయడానికే 1959లో చట్టం చేశారు. పాతికమంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి తెలియజేయాలని అందులో ఉండేది. తెలియజేయడం వరకే, అక్కడినుంచే తీసుకోవాలన్న నియమం ఉండేది కాదు. తెలపకపోతే మొదటిసారి జరిమానా 500 రూపాయల దాకా, తర్వాత ప్రతిసారీ 1,000 దాకా ఉండేది. 1959లో అది చిన్న మొత్తం కాదు, ఇప్పుడది ఇద్దరు బిర్యానీ తినే ఖర్చు. ఎక్స్ఛేంజీ కార్డు తీసుకుని మూడేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకుంటూ కాల్ లెటర్ కోసం చూసిన తరం ప్రతి ఇంట్లో ఉంది. ఎక్స్ఛేంజీ పంపిన పేర్లనే చూస్తే మిగతావాళ్ళకు అన్యాయమని, పత్రికల్లోనూ ఆఫీసు నోటీసు బోర్డుల్లోనూ రేడియో, టీవీల్లోనూ ప్రకటించాలని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. ఆ కేసు వెళ్ళింది మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంటు ఆఫీసు నియామకాల మీదే. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ పాత చట్టాన్ని తనలో కలుపుకుని, ఎక్స్ఛేంజీకి కెరీర్ సెంటర్ అని పేరు పెట్టింది. యాప్‌లో ఉన్న ప్రకటన వెనక ఖాళీ నిజంగా ఉందా అని అడిగే పని దానికీ అప్పగించలేదు.

ప్రభుత్వ నోటిఫికేషన్ల బాధ వేరే జాతి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు. ఎన్ని, ఏ జిల్లాకు, ఏ రోస్టరు, ఏ మార్కు, కీ ఏమిటి, అన్నీ బయట ఉంటాయి. అక్కడ పోయేది కాలం. 2018 గ్రూప్-1 నోటిఫికేషన్ మెయిన్స్‌ను హైకోర్టు సింగిల్ జడ్జి 2024లో రద్దుచేసేనాటికి అందులో ఎంపికైనవాళ్ళు ఉద్యోగాలు చేస్తున్నారు. ఏళ్ళు పట్టినా, ‘నన్నెందుకు తీసుకోలేదు’ అని అడగడానికి ఒక గుమ్మం ఉంది. ప్రైవేటులో ఆ గుమ్మమే లేదు.

దొంగలు దూరేది కూడా ఈ సందులోంచే. రిజిస్ట్రేషన్ ఫీజు 2,500 కట్టమనే నకిలీ ఆఫరు గుర్తుపట్టడం ఎందుకు కష్టమవుతోందంటే, అసలు కంపెనీలూ పేరు దాస్తున్నాయి, జీతం దాస్తున్నాయి, వాట్సాప్‌లోనే మాట్లాడుతున్నాయి. ఉద్యోగానికి ముందు డబ్బడిగితే అది మోసమని అనుకోవడమే క్షేమం, పోయిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే బ్యాంకులో డబ్బు ఆపించే అవకాశం కొంత ఉంటుంది.

కెనడాలోని ఆంటారియో రాష్ట్రం 2026 జనవరి 1 నుంచి ఓ పని చేసింది. పాతికమంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థ బహిరంగంగా ప్రకటన ఇస్తే జీతం ఎంత నుంచి ఎంతో రాయాలి, ఖాళీ ఇప్పుడు ఉన్నదో లేదో చెప్పాలి, వడపోతకు కృత్రిమ మేధ వాడుతుంటే ఆ మాట రాయాలి, ఇంటర్వ్యూ చేసినవాళ్ళకు 45 రోజుల్లో ఏ సంగతో తెలియజేయాలి. మన 1959 చట్టంలో ఉన్న అంకె కూడా పాతికే. ఊరికే ప్రకటన పడేసేవాడి మీద కొంత పని, కొంత బాధ్యత పెట్టడం తప్ప ఇందులో పెద్ద విప్లవం లేదు.

ఇక్కడ అంతదాకా పోకుండానే మొదలుపెట్టగల చోటు ఒకటుంది, ప్రభుత్వం జరిపే జాబ్ మేళా. స్టాళ్ళు, షామియానా, ప్రచారం, పోలీసు బందోబస్తు ప్రజల డబ్బుతోనే అవుతాయి కాబట్టి షరతు పెట్టే హక్కు ప్రభుత్వానికి ఉంది. చేతికొచ్చే జీతం స్టాలు ముందు పెద్ద అక్షరాలతో రాయమనొచ్చు, ఎంపిక కానివాళ్ళకు వారంలో మెసేజ్ పంపమనొచ్చు. మేళా ముగిశాక సాయంత్రం ప్రెస్ నోట్‌లో ‘ఇన్ని కంపెనీలు వచ్చాయి, ఇంతమంది ఎంపికయ్యారు’ అని రెండు అంకెలు వస్తాయి. వాళ్ళలో ఎంతమంది చేరారు, మూడు నెలల తర్వాత ఎంతమంది అక్కడే ఉన్నారు అన్న ఇంకో రెండు అంకెలు అదే కంపెనీల దగ్గర పీఎఫ్ చలాన్లలో నెలనెలా నమోదవుతూనే ఉంటాయి.